కౌన్సెలర్ గదిలో కుక్కకేం పని?

2025లో సుప్రీంకోర్టు మన విద్యాసంస్థల గురించి రెండు ముఖ్యమైన ఆదేశాలిచ్చింది. జులై 25 నాటి తీర్పుకు మూలం విశాఖపట్నం. అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసు విన్న కోర్టు, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని చెప్పింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరు వేరు బ్యాచ్‌లుగా విడగొట్టొద్దనీ, నలుగురిలో అవమానించొద్దనీ కూడా చెప్పింది. రెండో ఆదేశం నవంబరు 7న వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తొలగించి, మళ్లీ రాకుండా కంచె వేయాలన్నది దాని సారం. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా రెండు ధర్మాసనాల్లోనూ ఉన్నారు.

ఒక ఆదేశం కౌన్సెలర్‌ని లోపలికి రమ్మంది, ఇంకొకటి కుక్కని బయటికి పొమ్మంది. మన పరిస్థితికి రెండూ అవసరమే. అయితే అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో చాలా బడుల్లో ఈ ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. కౌన్సెలర్ కుర్చీ పక్కన చాప మీద ఒక కుక్క పడుకుని ఉంటుంది. దిగులుగా ఉన్న పిల్లలు వచ్చి దాని పక్కన కూర్చుంటారు. ఇది రేపోమాపో మన బ్రోచర్లలోకీ వస్తుంది. ఏసీ క్లాస్‌రూములు, రోబోటిక్స్ ల్యాబు, ఆ పక్కనే నవ్వుతున్న లాబ్రడార్ ఫొటో. అది రాకముందే అసలు సంగతేమిటో తెలుసుకుని ఉంటే మంచిది.

ముందు పేర్ల చిక్కు

ఈ విషయంలో సగం గందరగోళం పేర్ల దగ్గరే మొదలవుతుంది. మూడు రకాల జంతువుల్ని జనం ఒకే గాట కట్టేస్తుంటారు.

సర్వీస్ డాగ్ ఒక్క మనిషి కోసం ఉంటుంది. చూపులేని వారికి దారి చూపించడం, మూర్ఛ వచ్చినప్పుడు మనుషుల్ని పిలుచుకురావడం లాంటి ఫలానా పని కోసం దానికి తర్ఫీదు ఇస్తారు. అమెరికా చట్టం ప్రకారం అది తన యజమానితో పాటు హోటల్‌కైనా, బడికైనా వెళ్లొచ్చు. రెండోది ఎమోషనల్ సపోర్ట్ యానిమల్. దీనికి శిక్షణ అక్కర్లేదు. తోడుగా ఉండటమే దాని పని. అమెరికాలో అద్దె ఇళ్ల విషయంలో దీనికి కొంత రక్షణ ఉంది. విమానాల్లో కూడా ఉండేది కానీ, జనం దాన్ని ఎంత దూరం లాగారంటే 2018లో ఒకావిడ న్యూఆర్క్ విమానాశ్రయానికి నెమలిని తీసుకొచ్చింది. ఎయిర్‌లైన్ ఎక్కనివ్వలేదు. చివరికి 2020 డిసెంబరులో ప్రభుత్వం నిబంధనలు మార్చేసింది. ఈ తోడు జంతువుల్ని సర్వీస్ జంతువులుగా చూడాల్సిన పని విమాన సంస్థలకు ఇప్పుడు లేదు.

మూడోది థెరపీ డాగ్. ఇది తన యజమానికి సేవ చేయదు. యజమానితో కలిసి వచ్చి ఇతరులకు ఊరటనిస్తుంది. ఎక్కడికైనా వెళ్లే హక్కు దీనికి లేదు, పిలిస్తేనే రావాలి. వారానికోసారి వచ్చివెళ్లేవి కొన్ని. రోజూ బడిలోనే ఉండి, సాయంత్రం ఏ టీచరుతోనో కౌన్సెలర్‌తోనో ఇంటికెళ్లేవి ఇంకొన్ని. మన వ్యాసం ఈ మూడో రకం గురించే.

అసలు ‘థెరపీ’ అన్న మాటే ఇక్కడ కొంచెం మోసం చేస్తుంది. మనుషులు, జంతువుల మధ్య సంబంధాల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థల సమాఖ్య ఇయాహాయో 2014లో ఒక శ్వేతపత్రం తెచ్చింది, 2018లో దాన్ని సవరించింది. దాని ప్రకారం చికిత్స వేరు, బోధనలో సాయం వేరు, సరదా సందర్శన వేరు. శిక్షణ పొందిన నిపుణులు ఒక పిల్లవాడి కోసం లక్ష్యం పెట్టుకుని, ఏం మారిందో రాసుకుంటూ చేస్తేనే చికిత్స. పరీక్షల వారంలో ఎవరో ఒక స్వచ్ఛంద కార్యకర్త గోల్డెన్ రిట్రీవర్‌ని తెచ్చి కాసేపు పిల్లల మధ్య కూర్చోబెడితే అది సరదా సందర్శన. అందులో తప్పేం లేదు, పిల్లలకి హాయిగానే ఉంటుంది. కాకపోతే సరదా సందర్శన చేయించి చికిత్స అని పేరు చెప్పుకోవడం, ఆ పేరుతో ఫీజు తీసుకోవడం మాత్రం అన్యాయం.

జింగిల్స్ అనే కుక్క

మనసు బాగాలేని వాళ్ల దగ్గర జంతువుల్ని ఉంచడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో విలియం ట్యూక్ 1796లో తెరిచిన రిట్రీట్ అనే ఆశ్రమంలో, గొలుసులు వేసి కట్టేసే ఆ కాలంలోనే, రోగులు తిరిగే పెరళ్లలో కుందేళ్లనీ కోళ్లనీ వదిలారు. పిల్లల విషయంలో కథ మొదలైంది మాత్రం న్యూయార్క్‌లో, బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్టు దగ్గర.

ఆయన గదిలో జింగిల్స్ అనే కుక్క ఉండేది. పిల్లలు వచ్చే వేళకి దాన్ని బయటికి పంపేసేవాడు. ఒకరోజు ఒక కుటుంబం అనుకున్న టైము కంటే ముందే వచ్చేసింది. వాళ్ల అబ్బాయి ఎవరితోనూ కలవడు, చాలాచోట్ల చూపించినా గుణం కనపడలేదు. కుక్క సంగతి మరిచిపోయి లెవిన్సన్ తలుపు తీశాడు. జింగిల్స్ ఉరికి పిల్లవాడి మొహం నాకింది. వాడు భయపడతాడనుకుంటే దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. వెళ్లేటప్పుడు, మళ్లీ వచ్చి కుక్కతో ఆడుకోవచ్చా అని అడిగాడు. ఆ తర్వాత చాలా రోజులు వాడు మాట్లాడింది కుక్కతోనే. నెమ్మదిగా ఆ మాటల్లోకి లెవిన్సన్ కూడా చేరాడు.

1961లో ఈ అనుభవాన్ని ఆయన అమెరికా సైకాలజిస్టుల మహాసభలో చెబితే కొందరు నవ్వారు. మీ ఫీజులో కుక్క వాటా ఎంత అని ఎగతాళి చేశారని చెబుతారు. మరుసటి ఏడు ఆయన దాన్ని వ్యాసంగా అచ్చు వేయించాడు. కొన్నాళ్లకు, మనోవిశ్లేషణకి మూలపురుషుడైన ఫ్రాయిడ్ గురించిన కబుర్లు బయటికొచ్చాయి. వియన్నాలో ఆయన రోగులతో మాట్లాడేటప్పుడు జోఫీ అనే చౌ జాతి కుక్క పక్కనే పడుకునేదట. అంతటివాడే కుక్కను పెట్టుకున్నాడని తెలిశాక నవ్వులు తగ్గాయి.

లెవిన్సన్ కథలో జనం తరచూ వదిలేసే భాగం ఒకటుంది. జింగిల్స్ ఆ పిల్లవాడిని బాగు చేయలేదు. వాడు మళ్లీ ఆ గదికి రావడానికి ఒక కారణం ఇచ్చింది. మిగతాదంతా లెవిన్సన్ వారాల తరబడి ఓపికగా చేసిన పని. ఈ రంగం మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క తేడా చాలు అనిపిస్తుంది నాకు.

మాట ఎలా బయటికొస్తుంది

మన ఇంటర్ కాలేజీ హాస్టల్‌ని ఊహించుకోండి. ఫస్ట్ ఇయర్ కుర్రాడు, నాలుగు రోజులుగా మెస్సుకి సరిగ్గా రావట్లేదు. కౌన్సెలర్ పిలిపించారు.

“ఏమైందిరా?”

“ఏం లేదు సార్.”

“ఇంటి మీద బెంగా?”

“లేదు సార్. బానే ఉన్నా సార్.”

అంతే. బల్లకి అవతల పెద్దాయన, ఇవతల తను. కళ్లలోకి చూస్తూ మాట్లాడటం మన పిల్లలకు పరీక్షలో నిలబడినట్టే ఉంటుంది. ఇక్కడ చెప్పిన మాట ప్రిన్సిపాల్ దాకా, అక్కడి నుంచి నాన్న దాకా వెళ్తుందని వాడి అనుమానం. ఆ అనుమానం చాలాసార్లు నిజం కూడా.

అదే గదిలో కింద చాప మీద ఒక కుక్క ఉందనుకుందాం. ఇద్దరూ కింద కూర్చున్నారు. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన. వాడి చెయ్యి కుక్క వీపు మీద ఉంది. మాట్లాడకపోయినా ఇబ్బందిగా లేదు, ఎందుకంటే చేతికి పనుంది. కాసేపటికి కౌన్సెలర్, “దీనికి భయమేస్తే ఎక్కడ దాక్కుంటుందంటావ్?” అంటారు. “బెంచీ కింద సార్.” “ఎవరికి భయపడుతుంది?” కుర్రాడు కొంచెం ఆగి, “రాత్రి స్టడీ అవర్ సార్‌కి” అంటాడు. అది కుక్క సంగతి కాదని ఇద్దరికీ తెలుసు. ఇది నేను అల్లిన సన్నివేశమే గానీ, ఈ పని చేసేవాళ్లు వాడే పద్ధతి ఇదే. తన మీద పెట్టుకుని చెప్పలేని మాటని పిల్లలు జంతువు మీద పెట్టి చెబుతారు.

ఇంకో సంగతి ఉంది, దాన్ని మనం పెద్దగా మాట్లాడుకోం. స్పర్శ. పన్నెండు, పదమూడేళ్లు దాటాక మన మగపిల్లల తల నిమిరేవాళ్లు ఉండరు. హాస్టల్లో ఉంటే, దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా వాళ్లని ప్రేమగా ముట్టుకునే మనిషే ఉండకపోవచ్చు. టీచర్లు పిల్లల్ని తాకకుండా దూరం పాటించాలన్న నియమం న్యాయమైనదే, పిల్లల భద్రత కోసం అది ఉండాల్సిందే. అయినా ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. కుక్క వెచ్చగా, ఊపిరి తీస్తూ పక్కన ఆనుకుని పడుకున్నప్పుడు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని స్పర్శ దొరుకుతుంది.

ఇది కవిత్వం అనుకోకండి, కొలిచి చూశారు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పాట్రీషియా పెండ్రీ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం ఇది. 249 మంది విద్యార్థుల్ని చీటీలు వేసినట్టు నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపు 10 నిమిషాలు కుక్కల్నీ పిల్లుల్నీ నిమిరింది. రెండో గుంపు వరుసలో నిలబడి, ఆ నిమిరేవాళ్లని చూసింది. మూడో గుంపుకి అవే జంతువుల ఫొటోలు చూపించారు. నాలుగో గుంపు ఊరికే వేచి ఉంది. తర్వాత లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కొలిస్తే, చేత్తో నిమిరిన వాళ్లలో అది మిగతా వాళ్లకంటే తక్కువగా ఉంది. చూడటం వేరు, ముట్టుకోవడం వేరు అన్నమాట. ఫోన్లో కుక్కపిల్లల రీల్స్ చూసి టెన్షన్ తగ్గించుకుంటున్నామనుకునే వాళ్లు ఈ మూడో గుంపు సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బడి పిల్లల మీద చేసిన వాటిలో నాకు గట్టిగా కనిపించేది ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం 2022లో ప్రచురించిన పరిశోధన. మామూలు బడుల్లోంచి 105 మంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడుల్లోంచి 44 మంది. కొందరికి వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున, నాలుగు వారాలు కుక్కతో సమయం. కొందరికి అంతే సమయం విశ్రాంతి వ్యాయామాలు. కొందరికి ఏమీ లేదు. టర్మ్ గడిచేకొద్దీ మామూలు బడుల్లో ఏమీ లేని పిల్లల సగటు కార్టిసాల్ పెరుగుతూ పోయింది. కుక్కతో గడిపిన వాళ్లలో అలా పెరగలేదు. తగ్గించడం అటుంచి, బడి టర్మ్ అనేదే పిల్లల ఒంట్లో ఒత్తిడిని పెంచుతోందన్న మాట ఇందులో నాకు ఎక్కువ గుచ్చుకుంది. అదీ ఇంగ్లండ్‌లో. మన జూనియర్ కాలేజీల్లో కొలిస్తే ఏం వస్తుందో ఎవరికి వాళ్లు ఊహించుకోవాల్సిందే.

కుక్కే కానక్కర్లేదు కూడా. ఆస్ట్రేలియాలో మార్గరెట్ ఓహేర్ బృందం 2013లో చూపించింది గినీ పిగ్‌లతో. రెండు చేతుల్లో పట్టేంత, తోకలేని పెద్ద ఎలుకలా ఉంటాయి ఇవి. ఆటిజం ఉన్న ఒక బిడ్డ, తోటి పిల్లలు ఇద్దరు, ఇలా ముగ్గురేసి చొప్పున మొత్తం 99 మంది పిల్లల్ని ముందు బొమ్మలతో, తర్వాత రెండు గినీ పిగ్‌లతో ఆడుకోమన్నారు. బొమ్మలున్నప్పటి కంటే గినీ పిగ్‌లున్నప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు ఎక్కువ మాట్లాడారు, ఎదుటివాళ్ల మొహం ఎక్కువ చూశారు, ఎక్కువ నవ్వారు. ఏడుపూ చిరాకూ తగ్గాయి. జంతువు వల్ల వాళ్లు జంతువుకే కాకుండా, పక్కనున్న పిల్లలకీ దగ్గరయ్యారు. వియన్నాలో 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలోనూ ఇలాంటిదే కనిపించింది. 24 మంది చిన్నపిల్లల తరగతిలో కుక్క ఉన్న రోజుల్లో పిల్లల మధ్య దూకుడు తగ్గింది, టీచరు మీద ధ్యాస పెరిగింది. కుక్క ఉంటే ధ్యాస చెదురుతుందనే కదా మనం అనుకుంటాం.

అమెరికాలో ఇదంతా ఇంత వేగంగా పెరగడానికి ఒక చేదు కారణం ఉంది. బడుల్లో కాల్పులు. 2012లో శాండీ హుక్ బడిలో చిన్నపిల్లలు చనిపోయాక, ఇల్లినాయి నుంచి ఒక చర్చి సేవా సంస్థ గోల్డెన్ రిట్రీవర్లని తీసుకొచ్చింది. 2018లో పార్క్‌లాండ్ హైస్కూల్లో కాల్పుల తర్వాత వచ్చిన కుక్కలు అక్కడే ఉండిపోయాయి. 2020 నాటి ఆ బడి ఇయర్‌బుక్‌లో విద్యార్థుల ఫొటోలతో పాటు 14 కుక్కల ఫొటోలు కూడా అచ్చు వేశారు.

ఎంతవరకు నమ్మాలి?

మందుని పరీక్షించేటప్పుడు సగం మందికి ఉత్తి చక్కెర బిళ్ల ఇస్తారు, ఎవరికి ఏదిచ్చారో తెలియనివ్వరు. కుక్క విషయంలో అది కుదరదు. ఒళ్లో కుక్క ఉందో లేదో పిల్లవాడికి తెలుసు, పరిశోధకుడికీ తెలుసు. కుక్క వస్తే బాగుంటుందన్న నమ్మకమే సగం పని చేసి ఉండొచ్చు. పైగా ఇలాంటి ప్రయోగాలకి ముందుకొచ్చే వాళ్లు సాధారణంగా కుక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లు. కొత్తదనం సంగతి ఒకటి. లెక్కల పీరియడ్ ఆపేసి బడికి ఏనుగుని తెచ్చినా పిల్లలు సంతోషిస్తారు. ఆ సంతోషం ఆర్నెల్ల తర్వాత మిగులుతుందా అన్నది అసలు ప్రశ్న. చాలా పరిశోధనలు అంతకాలం ఆగి చూడలేదు.

కార్టిసాల్ తగ్గడమూ డిప్రెషన్ తగ్గడమూ ఒకటి కావు. 10 నిమిషాల తర్వాత లాలాజలంలో కనిపించిన తేడా ఆ పూటకి సంబంధించింది. చచ్చిపోవాలనిపిస్తోంది అనే పిల్లకి కుక్క చికిత్స కాదు. ఆమెకి మనిషి కావాలి, డాక్టర్ కావాలి, అవసరమైతే మందులు కావాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సంఖ్య ముందు లాబ్రడార్ ఫొటో పెట్టి పరిష్కారం అనడం నాకు అసహ్యంగా ఉంటుంది. మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడుకునే ప్రభుత్వ సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. కుక్క గురించి ఆలోచించే ముందు ఆ నంబరు హాస్టల్ గోడ మీద ఉందా, ఫోన్ చేసుకోనిస్తారా అని చూడాలి.

కుక్క వైపు నుంచి

ఈ చర్చలో కుక్క అభిప్రాయం ఎవరూ అడగరు. అది నోటితో చెప్పదు గానీ ఒంటితో చెబుతుంది. నిద్ర రాకుండానే ఆవులించడం, తినేదేమీ లేకుండానే పెదాలు నాక్కోవడం, మొహం పక్కకి తిప్పేసుకోవడం, కంటి అంచున తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, తోక కాళ్ల మధ్యకి పోవడం. ఇవన్నీ ‘ఇక చాలు’ అనే మాటలే. చూసేవాళ్లకి ఆవులింత ముద్దొస్తుంది, ఫొటో తీసుకుంటారు. కుక్క కరిచినప్పుడు ‘ఉన్నట్టుండి కరిచింది’ అంటాం. చాలాసార్లు అది అంతకుముందే పది రకాలుగా చెప్పి ఉంటుంది.

అందుకే పద్ధతిగా నడిచే చోట కుక్కకంటే దాని వెంట వచ్చే మనిషికి ఎక్కువ పరీక్ష ఉంటుంది. అమెరికాలో పెట్ పార్ట్‌నర్స్ అనే సంస్థ కుక్కనీ మనిషినీ జోడీగా పరీక్షిస్తుంది, రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెడుతుంది. కుక్కకి కనీసం ఏడాది వయసుండాలి, ఆర్నెల్లుగా ఆ ఇంట్లో ఉంటూ ఉండాలి. రోజుకి రెండు గంటలకు మించి పని చేయించకూడదు. పచ్చి మాంసం తినే కుక్క పనికిరాదు, ఎందుకంటే దాని నోటి నుంచి సూక్ష్మజీవులు పిల్లలకి అంటుతాయి. ఈ రెండు గంటల నియమం ఒక్కటి చూసినా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా 600 మంది పిల్లల మధ్య ఒక కుక్కని తిప్పడం ఎంత తప్పో తెలుస్తుంది.

మన ఎండలూ తోడు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి దించుకుంటుంది. మంచుదేశపు బొచ్చుతో ఉన్న గోల్డెన్ రిట్రీవర్‌ని రెంటచింతల ఎండలో, ఉడుకు గాలి తిప్పే ఫ్యాన్ కింద కూర్చోబెట్టి పిల్లల ఒత్తిడి తగ్గించమంటే, ముందు దాని ఒత్తిడి ఎవరు తగ్గించాలి?

మన గడప దగ్గర

స్వర్గం దాకా వెంట వచ్చిన కుక్కని వదిలి లోపలికి రానన్న ధర్మరాజు కథ చెప్పుకునే మనమే, కుక్కని గడప దాటనివ్వం. మడి, మైల పట్టింపులున్న ఇళ్లున్నాయి. కుక్క చొంగ తగిలితే కడుక్కోవాలన్న నియమం పాటించే ముస్లిం కుటుంబాలున్నాయి. బొచ్చు పడని, ఆయాసం వచ్చే పిల్లలున్నారు. వీటిలో ఏదీ మూఢత్వమని కొట్టిపారేసేది కాదు. ప్రతి ఇంటి నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వద్దన్న పిల్లలు ‘పిరికివాళ్లు’ అనిపించుకోకుండా ఉండే ఏర్పాటూ ఉండాలి.

భయానికి గట్టి కారణమూ ఉంది. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లవాడిని చంపిన వీడియో తెలుగువాళ్లలో చూడనివాళ్లు తక్కువ. సందు చివర కుక్కలుంటే చుట్టు తిరిగి బడికి వెళ్లే పిల్లకి, తరగతిలో ఉన్నది ‘మంచి కుక్క’ అని చెబితే సరిపోదు. టీకాలు వేసిన కుక్కైనా సరే, గోరు గీసుకుంటే సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, డాక్టర్‌కి చూపించాలి. పసుపు పెట్టి ఊరుకునే అలవాటు మనది కాబట్టి ఈ మాట పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాలి.

అలాగని ఇది మన దేశంలో అసలు జరగని పనీ కాదు. హాంకాంగ్‌లో జిల్ రాబిన్సన్ 1991లో మాక్స్ అనే కుక్కతో మొదలుపెట్టిన ‘డాక్టర్ డాగ్’ కార్యక్రమాన్ని చెన్నైలో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అందుకుంది. ముంబైలో యానిమల్ ఏంజెల్స్ అనే సంస్థని మీనల్ కవీశ్వర్ అనే క్లినికల్ సైకాలజిస్టు నడిపిస్తున్నారు. రెండో సంస్థ విషయంలో గమనించాల్సింది, దాని ముందున్నది కుక్కల ట్రైనర్ కాదు, సైకాలజిస్టు.

మన గురుకులాలకీ ప్రభుత్వ హాస్టళ్లకీ కుక్క కంటే ఇంకో నమూనా దగ్గరగా ఉంటుందేమో అనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో బ్రూస్టర్ అనే ఊళ్లో 1947లో మొదలైన గ్రీన్ చిమ్నీస్, పొలం మధ్య ఉన్న బడి. మనసు గాయపడిన పిల్లలు అక్కడ ఉంటూ చదువుకుంటారు, మేకల్నీ గొర్రెల్నీ గుర్రాల్నీ చూసుకుంటారు. అందరి చేతా చూసుకోబడే పిల్లవాడు, అక్కడ తను ఇంకొకరిని చూసుకునేవాడవుతాడు. ‘నీకేమైంది’ అని రోజూ అడిగించుకునే బిడ్డకి ‘మేకకి నీళ్లు పెట్టావా’ అన్న ప్రశ్న ఎంత తేలికగా ఉంటుందో! ఊళ్లో దూడ పుట్టిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

కానీ ఇక్కడే జాగ్రత్త. పశువులంటే పేడ ఉంటుంది. ఆ పేడ ఎవరెత్తాలి? మన హాస్టళ్లలో ఇలాంటి పని కొందరు పిల్లల మీదే, వాళ్ల కులాన్ని చూసి, పడే ప్రమాదం ఉంది. ఊరటగా మొదలైంది చాకిరీగా మారడానికి వారం చాలు. వంతులవారీగా అందరూ చేయాలి, ఇష్టం లేనివాళ్లని వదిలేయాలి, వార్డెన్ కూడా ఒక చెయ్యి వేయాలి. అలాగే పిల్లలు పేరు పెట్టి పెంచుకున్న కోడి ఆదివారం కూరలో తేలకూడదు. ఇక పంజరంలో రామచిలుకని పెట్టాలన్న ఆలోచన అసలే వద్దు. మన రామచిలుకని పట్టి పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇయాహాయో శ్వేతపత్రం కూడా పెంపుడు జాతుల్ని తప్ప అడవి జంతువుల్ని ఈ పనికి వాడొద్దనే అంటుంది.

ఖర్చు మాట కూడా అనుకోవాలి. తిండి, టీకాలు, నులిపురుగుల మందు, పశువైద్యుడు, శిక్షణ, అన్నిటికీ మించి వెంట ఉండే మనిషి జీతం. వెయ్యి మంది పిల్లలకి ఒక్క కౌన్సెలర్ కూడా లేని చోట ఆ డబ్బుని కుక్క మీద పెట్టడం, ఇంటికి తలుపు పెట్టుకుని గోడలు మరిచిపోయినట్టే. కౌన్సెలర్ ఉండి, పిల్లలు ఆ గది వైపే వెళ్లడం లేదనుకోండి, అప్పుడు కుక్క నిజంగా పనికొస్తుంది.

మీ పిల్లల బడి ఎప్పుడైనా ఇలాంటిది మొదలుపెడితే, పేరెంట్స్ మీటింగులో అడగడానికి కొన్ని ప్రశ్నలున్నాయి. కుక్క వెంట ఎప్పుడూ ఉండే మనిషి ఎవరు, వాళ్లకి ఏం శిక్షణ ఉంది? రోజుకి ఎంతసేపు పని, మధ్యలో అలిసిపోతే అది వెళ్లి పడుకునే గది ఏది? పిల్లలు దాని దగ్గర చెప్పిన మాట విని, తర్వాత పట్టించుకునేది ఎవరు? అది ముసలిదైతే, చనిపోతే పిల్లలకి ఏమని చెబుతారు? అన్నిటికంటే ముందు నేనైతే ఇంకోటి అడుగుతాను. రాత్రి ఆ కుక్క ఎక్కడ పడుకుంటుంది? ‘ఫలానా మేడమ్ ఇంట్లో, వాళ్ల పిల్లల మంచం పక్కన’ అంటే మిగతా సంగతులు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ‘వాచ్‌మన్ షెడ్డు దగ్గర కట్టేస్తామండీ’ అంటే అనుమతి పత్రం మీద సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చేస్తాను.